నాలుగు వందల పదిహేడు ఫిర్యాదులు

నాచారం,
5 జూన్ 2025, గురువారం

సుధీంద్రా,

నువ్వు బాగుండాలి. మనిద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికి ఎవరో ఒకరం పెట్టేస్తున్నాం కాబట్టి, ఇకమీదట అవసరమైన సంగతులు కాగితం మీద రాసుకోమని మీ బావగారు అన్నారు. నాకూ సబబుగానే తోచింది. కాగితం మీద నా మాట పూర్తయ్యేదాకా నువ్వు అడ్డు రాలేవు. ఆయన ఆఫీసుకి వెళ్తూ ఉప్పల్‌లో దిగి ఈ ఉత్తరం నీ చేతికిస్తారు. డబ్బాలో కాకరకాయ కారం ఉంది. డబ్బా, మూత రెండూ వెనక్కి రావాలి.

ఇక విషయం. నువ్వు మా కాలనీకి చేసిచ్చిన వెబ్‌సైట్‌లో ఫిర్యాదులన్నీ పోయాయి. పక్క ఫ్యాక్టరీ నుంచి వాసన వచ్చినప్పుడల్లా కాలనీవాళ్ళు తేదీ, సమయం, వాసన రకం అందులో రాస్తున్నారు కదా. పద్నాలుగు నెలల్లో 417 అయ్యాయి. ఒకటో రకం కుళ్ళిన గుడ్డు, రెండో రకం మాడిన వెల్లుల్లి, మూడో రకం గోళ్ళ రంగు, నాలుగో రకం చెప్పలేనిది. ఈ నెల 27న కాలుష్యం అధికారుల ముందు విచారణ ఉంది. ఆ రోజు ఇవన్నీ అచ్చు వేయించి పట్టుకెళ్ళాలని అనుకున్నాం.

నిన్న బుధవారం ఉదయం ఆరున్నరకి ముందురోజు వచ్చిన రెండో రకం నమోదు చేద్దామని తెరిస్తే, "ఫిర్యాదులు ఏవీ లేవు" అని ఉంది. ఎవరైనా బయటివాళ్ళు చూస్తే మా కాలనీ చాలా సుఖంగా ఉందనుకుంటారు.

మా సంఘం అధ్యక్షుడు సత్యనారాయణమూర్తి గారు ఇది ఫ్యాక్టరీ వాళ్ళ పనే అంటున్నారు. ఆయన ఇంట్లో పై వాటాలో అద్దెకున్న పోశయ్య ఆ ఫ్యాక్టరీలోనే బాయిలర్ దగ్గర పని చేస్తాడు. అతని కూతురు కావ్య కంప్యూటర్ కోర్సు చేసి, మెయిన్ రోడ్డు జిరాక్స్ షాపులో జనానికి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెడుతుంది. ఈ రెండు ముక్కలూ కలిపి చూడమంటున్నారు మూర్తి గారు. నేను ఇంకా కలపలేదు. అసలేమైందో నువ్వు చూసి చెప్పు. ఆదివారం మీటింగు.

మీ అక్క,
ఛాయాదేవి


ఉప్పల్,
7 జూన్ 2025

అక్కకు నమస్కారం.

మూత పంపుతున్నాను. డబ్బా కనపడలేదు.

ఏమైందో కనిపెట్టాను. వెబ్‌సైట్‌లోకి ఎవరు వచ్చారు, ఏం చేశారు అన్నది ఒక చిట్టాలో తనంతట తానే రికార్డవుతుంది. బుధవారం ఉదయం 5.12 నుంచి 5.46 మధ్య ఎవరో నువ్వు ఫిర్యాదులు సరిచూసుకునే నిర్వహణ పేజీ తెరిచి, ప్రతి ఫిర్యాదు పక్కనా ఉన్న "తొలగించు" లింకును ఒకదాని తర్వాత ఒకటి తెరిచారు. 417 సార్లు. ఆ వచ్చింది మనిషి కాదు. పెద్ద సెర్చ్ ఇంజిన్ కంపెనీ ఒకటి పంపే ప్రోగ్రాము. దాన్ని క్రాలర్ అంటారు. ప్రపంచంలోని పేజీలన్నీ తిరిగి, కనపడిన ప్రతి లింకూ తెరిచి చదువుకుని పోవడమే దాని పని. మనం ఏదైనా వెతికినప్పుడు జవాబు దొరికేది అది ముందే చదివి పెట్టడం వల్లే.

అర్థమైందా ఎంత పెద్ద విషయమో? చదవాల్సిన ప్రోగ్రాము చెరిపేసింది. రేపు ఎవడైనా తన పేజీలో మనలాంటి వాళ్ళ లింకు ఒకటి రాసి పెడితే చాలు, ఇది వెళ్ళి వాళ్ళ రికార్డు తుడిచేస్తుంది. చిట్టాలో ఆ కంపెనీ పేరు పడుతుంది, అసలు వాడి పేరు పడదు. ఇది భద్రతా లోపం. నిన్ననే వాళ్ళకి రిపోర్టు పంపాను. ఒప్పుకుంటే, లోపాలు కనిపెట్టినవాళ్ళ జాబితాలో నా పేరు వేస్తారు. మా ఆఫీసులో సెక్యూరిటీ టీములోకి మారాలని మూడేళ్ళుగా అడుగుతున్నాను, నీకు తెలుసు.

ఒక్క నియమం. ఇలాంటిది కనిపెట్టినవాళ్ళు కంపెనీ సరిచేసుకునేదాకా తొంభై రోజులు బయటపెట్టకూడదు. ఈ రంగంలో అందరూ పాటించే మర్యాద ఇది. సెప్టెంబర్ 4 దాకా ఎవరికీ చెప్పకు. బావగారికి కూడా.

సుధీంద్ర


నాచారం,
9 జూన్ 2025, సోమవారం

సుధీంద్రా,

డబ్బా నీ స్టౌ కింద అరలో ఉంటుంది. కిందటిసారి అక్కడే దొరికింది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కరెంటు మీటరు చూసే మనిషి వచ్చి, రీడింగు రాసుకోకుండా మెయిన్ ఆపేసి పోయినట్టు నాకు అర్థమైంది. తప్పయితే చెప్పు. ఒక సందేహం. ఆ ప్రోగ్రాము తన పేరు రాసి వెళ్ళిందన్నావు. పేరు రాసి వెళ్ళినది దొంగతనం ఎలా అవుతుంది?

నువ్వు అడిగినట్టే ఎవరికీ చెప్పలేదు. నిన్న మీటింగులో మూర్తి గారు అందరి ముందూ నన్ను లేపి, "వెబ్‌సైట్ చూసేది మీరే కదా ఛాయాదేవి గారూ, ఎవరు చేశారో తెలిసిందా?" అని అడిగారు. తెలియదంటే అబద్ధం. అందుకని, తెలిసింది గాని తొంభై రోజుల దాకా చెప్పలేను అన్నాను. మీ బావగారు దగ్గారు.

తర్వాత వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు. చెప్పలేనంటోంది అంటే కాలనీ మనిషేనని ఒకరు తేల్చారు. ఆడపిల్ల భవిష్యత్తు కోసం దాస్తోందని ఇంకొకరు తేల్చారు. కాలనీలో కంప్యూటర్ కోర్సు చేసిన ఆడపిల్లలు పదకొండు మంది ఉన్నారు. కానీ ఫ్యాక్టరీ మనిషి కూతురు ఒక్కతే. ఆషాఢంలో ఇల్లు మారరు కాబట్టి, ఇరవై ఐదో తేదీ అమావాస్య లోపల ఖాళీ చెయ్యమని మూర్తి గారు పోశయ్యకు మీటింగులోనే చెప్పేశారు.

సాయంత్రం పోశయ్య మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. అతను అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"అమ్మా, నేను గా ఫ్యాక్టరీల పనిజేస్తున్న, నిజమే. గా వాసన అందరికన్న ముందు పీల్చేది నేనే. పోయిన ఫిర్యాదులల్ల నేను రాపిచ్చినయి పదకొండున్నయ్. పేరు పెట్టలె. పెడితే నౌకరి పోతది. రాసింది నా బిడ్డనే. రాసిన బిడ్డ ఎందుకు తీసేస్తది, జెప్పున్రి."

నాకు జవాబు తెలుసు. చెప్పలేదు. మంచినీళ్ళు ఇచ్చాను. తాగి వెళ్ళిపోయాడు.

తొంభై రోజులంటే సెప్టెంబర్. వాళ్ళు ఖాళీ చెయ్యాల్సింది జూన్‌లో. ఈ రెండు తేదీలనూ ఎలా సర్దాలో నువ్వే చెప్పు.

ఛాయాదేవి


ఉప్పల్,
15 జూన్ 2025

అక్కా,

డబ్బా అక్కడే ఉంది. కడిగి పంపుతున్నాను.

కంపెనీ నుంచి జవాబు వచ్చింది. ఆరు రోజులు తీసుకుని నాలుగు వాక్యాలు రాశారు. ఇది లోపం కాదట. మా ప్రోగ్రాము బహిరంగంగా కనపడే లింకులనే తెరుస్తుంది, తెరిచినంత మాత్రాన ఏదైనా చెరిగిపోతే ఆ పేజీ కట్టినవాళ్ళు చూసుకోవాలి అన్నారు. మీ నిర్వహణ పేజీ లింకు ఎక్కడో బహిరంగంగా రాసి ఉంటుంది, వెతుక్కోండి అని సలహా ఇచ్చారు.

నాకు కోపం వచ్చింది. వాళ్ళు లోపం కాదన్నాక రహస్యం ఏముందని, మొత్తం రాసి ఈ రంగంవాళ్ళు చర్చించుకునే చోట పెట్టాను. రెండు రోజుల్లో నూట అరవై మంది స్పందించారు. సగం మంది నా వైపే. ఎవడో రాసిన లింకు పట్టుకుని ఎవరి ఇంట్లోకో వెళ్ళి పనులు చేసే ప్రోగ్రాము ఆయుధంతో సమానమని వాళ్ళ వాదన. మిగతా సగం నన్ను నేర్చుకునే కుర్రవాడి కింద జమకట్టారు. నాకు నలభై ఒకటి. మా మేనేజరు కూడా చదివాడు. ఏమీ అనలేదు, అదే బాగాలేదు.

నేను మాత్రం తగ్గను. ఆ నిర్వహణ పేజీ అడ్రసు నలభై అక్షరాల పొడుగు. ఎవరూ ఊహించలేరు. అది తెలిసింది ప్రపంచంలో ఇద్దరికే, నీకూ నాకూ. కాబట్టి ఎవరో కావాలని దాన్ని సంపాదించి బయటపెట్టారు. నువ్వు చెప్పిన ఆ కావ్య ఎప్పుడైనా మీ ఇంటికి వచ్చిందా? నీ ఫోను ముట్టుకుందా? మీ మూర్తి గారు ఆ రెండు ముక్కలూ కలపడంలో తప్పేమీ లేదేమో చూడు.

సుధీంద్ర


నాచారం,
17 జూన్ 2025, మంగళవారం

సుధీంద్రా,

రహస్యం పదమూడో తేదీనే పోయిందన్నమాట. నూట అరవై మందికి తెలిసింది, మా కాలనీకి తప్ప. నాకు ఒక్క మాట చెప్పి ఉంటే పోశయ్యకు ఆ రోజే చెప్పేదాన్ని.

కావ్య ఈ ఏడాదిలో మా ఇంటికి రెండుసార్లు వచ్చింది. ఒకసారి మార్చిలో, గ్యాసు బుకింగ్ నంబరు మారిందని చెప్పడానికి. ఒకసారి ఉగాది పచ్చడి గిన్నె తిరిగివ్వడానికి. రెండుసార్లూ గుమ్మంలోనే నిలబడింది. నా ఫోను వంటింట్లో ఉంది. ఇంకోసారి ఆ పిల్ల పేరు అలా రాయకు.

నేను ఆ అడ్రసు ఎవరికీ ఇవ్వలేదు. ఒట్టు పెట్టమంటే పెడతాను. నమ్మకం కుదరకపోతే నేను చేసిందంతా వరసగా రాస్తున్నాను, చూసుకో. మొదట నువ్వు పాస్‌వర్డు పెట్టావు. రోజూ రెండుసార్లు కొట్టడం కష్టంగా ఉందన్నాను. నువ్వు పాస్‌వర్డు తీసేసి, దానికి బదులు ఈ పొడుగాటి అడ్రసు ఇచ్చావు. నలభై అక్షరాలు నోటికి రావు కదా. డైరీ చివరి పేజీలో రాసుకున్నాను. కిందటి ఆగస్టు వానకు పైకప్పు కారి డైరీ తడిసి అక్షరాలు కలిసిపోయాయి. మళ్ళీ నిన్ను అడిగితే విసుక్కున్నావు. అందుకని ఈసారి తడవని చోట రాసుకున్నాను.

మన వెబ్‌సైట్‌లోనే "మా కాలనీ గురించి" అని చివరి పేజీ ఉంది కదా. అందులో పార్కు ఫొటో కింద "ఏది ఎక్కడ" అని ఒక పట్టిక వేశాను. గ్యాసు నంబరు, నీళ్ళ ట్యాంకరు నంబరు, లిఫ్టు మెకానిక్, అంబులెన్సు, ఆ కింద "ఫిర్యాదులు సరిచూసుకునే పేజీ" అని నువ్విచ్చిన అడ్రసు. అన్ని ఇళ్ళలోనూ ఇలాంటివి రాసుకునేది పుస్తకం చివరి పేజీలోనే. అది ఎవరూ చదవరు. మా కాలనీలో ఆ పేజీ దాకా వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరని నాకు బాగా తెలుసు, ఎందుకంటే అంబులెన్సు నంబరు ఇప్పటికీ అందరూ నన్నే అడుగుతారు.

కాబట్టి నా వైపు నుంచి పొరపాటేమీ జరగలేదు. నువ్వు వేరేచోట వెతుకు.

అక్క


ఉప్పల్,
18 జూన్ 2025

అక్కా,

నీ ఉత్తరం మెట్రో మెట్ల మీదే నిలబడి చదివాను. బావగారు ఏమైందని అడిగారు. ఏమీ లేదన్నాను.

అక్కా, ఆ పేజీ చదివేది అదొక్కటే. క్రాలర్. ప్రతి వెబ్‌సైట్‌నూ చివరి పేజీ చివరి అక్షరం దాకా చదివేది ప్రపంచంలో అదొక్కటే. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదో తెలియదు, ఆ బుధవారం వచ్చింది. పార్కు ఫొటో చూసింది, గ్యాసు నంబరు చూసింది, కింద నీ లింకు తెరిచింది. అక్కడ 417 లింకులు కనపడ్డాయి. అవీ తెరిచింది.

నిన్ను అనడానికి నాకు నోరు రావట్లేదు. ఎందుకంటే ఆ "తొలగించు" తెరిస్తే మొదట్లో "నిజంగా తొలగించాలా?" అని అడిగేది. ఒకసారి చెప్పాక మళ్ళీ అడగడమేమిటి, నన్ను నమ్మవా అన్నావు. నేను విసుగుపుట్టి ఆ ప్రశ్న తీసేశాను. లింకు తెరవగానే చెరిగిపోయేలా కట్టకూడదన్నది మా పనిలో మొదటి నెలలో నేర్పే పాఠం. ఇంట్లో పనే కదా అని కట్టాను. కాపీ కూడా దాచలేదు. ఆ ఫిర్యాదులు ఇక రావు.

ఆ ప్రోగ్రాముతో ఎవరైనా హాని చెయ్యొచ్చని నేనన్నది ఇప్పటికీ నిజమే. కానీ మన విషయంలో ఎవరూ ఏమీ చెయ్యలేదు. నేను రాసిందంతా వెనక్కి తీసుకుంటున్నానని అక్కడ రాయాలి. ఇంకా రాయలేదు.

ఆదివారం మీటింగులో "టెక్నికల్ ప్రాబ్లం వల్ల పోయాయి" అని చెప్పు. అంతే చాలు. నీ సంగతి, నా సంగతి ఎందుకు? కావ్య మీద మాట పోతుంది, మన పరువూ ఉంటుంది.

సుధీంద్ర


నాచారం,
23 జూన్ 2025, సోమవారం

సుధీంద్రా,

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మీ బావగారు జ్వరమేమోనని చెయ్యి పట్టి చూశారు. ఆ పట్టిక తీసేశాను. అంబులెన్సు నంబరు ఉంచాను.

నిన్న మీటింగులో ముందు నువ్వు చెప్పినట్టే, టెక్నికల్ ప్రాబ్లం అన్నాను. మూర్తి గారు తల ఊపి, "అర్థమైంది, అర్థమైంది. ఆ పిల్ల టెక్నికల్‌గానే చేసి ఉంటుంది" అన్నారు. అందరూ తలలూపారు. నేను కూర్చోబోయి మళ్ళీ లేచాను.

మొత్తం చెప్పాను. డైరీ తడవడం, పట్టిక, నలభై అక్షరాలు, నువ్వు తీసేసిన ప్రశ్న, ఎనిమిదో తేదీ మీటింగు నాటికే నాకు సగం తెలిసి ఉండటం. మీటరు మనిషి పోలిక కూడా వాడాను, వాళ్ళకు త్వరగా అర్థమైంది. పోశయ్య రాయించిన పదకొండు గురించి మాత్రం చెప్పలేదు. అది అతని ఉద్యోగం. నేను ముగించాక ఒకావిడ, అయితే గ్యాసు నంబరు ఆ పేజీలో ఉందా, ఇన్నాళ్ళూ చెప్పలేదేం అని అడిగింది.

మీటింగు అవగానే మూర్తి గారు నన్ను వెంటపెట్టుకుని పై వాటాకి వచ్చారు. ఉండిపొమ్మని పోశయ్యకు చెప్పారు, మర్యాదగానే చెప్పారు. అప్పటికే బీరువా తాళ్ళతో కట్టి ఉంది. దమ్మాయిగూడలో ఇల్లు మాట్లాడుకున్నారు. పోశయ్య ఆయన్ని చూడకుండా నాతో అన్నాడు:

"మీరు జెప్పిన్రు, మంచిదే అమ్మా. సారు ఉండుమంటున్నడు. రేపు మోటర్ కాలిపోయిందనుకో, మల్ల మా తలుపే కొడ్తరు. గీ ఆషాఢం రాకముందే పోతం."

ఈ ఉదయం తొమ్మిదింటికి ట్రాలీ ఆటోలో సామాను వెళ్ళిపోయింది. ఫ్యాక్టరీ డ్యూటీకి ఇక అతను రోజూ అక్కడినుంచి రావాలి.

కావ్య వెనక ఉండిపోయి ఒక సంగతి చెప్పింది. కాలనీలో ఎవరో అన్నది విని జిరాక్స్ షాపు ఓనరు, నీ చేతికి జనం ఆధార్ కాగితాలు ఎలా ఇస్తాను అన్నాడట. పది రోజులుగా ఆ పిల్లని కంప్యూటర్ ముందు కూర్చోనివ్వడం లేదు. జిరాక్సులు తీయిస్తున్నాడు. నేను వెళ్ళి నోటితో చెప్పివచ్చాను. నోటి మాట దేనికి, రాసిస్తే చూస్తానన్నాడు. ఏం రాయాలో, కంప్యూటర్ తెలిసినవాడు నమ్మేలా, నువ్వు రాసి పంపు.

అక్క


ఉప్పల్,
25 జూన్ 2025

అక్కా,

రాశాను. ఆఫీసులో ఇలాంటివి ఎలా రాస్తారో అలాగే రాశాను. సంతకం నువ్వు పెట్టు, వెబ్‌సైట్ చూసేది నువ్వే కదా. నేను పెడితే మా ఆఫీసు దాకా వెళ్తుంది. ఇప్పుడది మంచిది కాదు.

"4 జూన్ 2025 ఉదయం, అనివార్య సాంకేతిక కారణాల వల్ల కాలనీ వెబ్‌సైట్‌లోని కొంత సమాచారం తొలగిపోయినది. ఇందులో ఏ వ్యక్తికీ సంబంధం లేదని ధ్రువీకరించడమైనది."

సుధీంద్ర


నాచారం,
29 జూన్ 2025, ఆదివారం

సుధీంద్రా,

27న విచారణకు వెళ్ళాం. 417 పోగా, తర్వాత చేత్తో రాసిన పంతొమ్మిది ఫిర్యాదులు ఇచ్చాం. తీసుకుని, వచ్చే నెలకు వాయిదా వేశారు. మేము బయటికి వస్తుంటే ఫ్యాక్టరీ వైపు నుంచి రెండో రకం వచ్చింది. అధికారి ఒకాయన రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అది ఎవరూ రాసుకోలేదు.

నువ్వు పంపిన రెండు వాక్యాలూ తెల్ల కాగితం మీద తిరగరాసి, సంతకం చేసి నిన్న దమ్మాయిగూడ తీసుకెళ్ళాను. కొత్త ఇంట్లో ఇంకా మూటలు విప్పలేదు. కావ్య నిలబడే చదివింది. చదివి మడిచి నా చేతికే ఇచ్చేసింది.

"ఆంటీ, గిండ్ల 'ఏ వ్యక్తికీ సంబంధం లేదు' అని రాసిన్రు. మీటింగుల 'ఏ వ్యక్తి' అనలే గద. కావ్య అన్నరు. కాదన్నప్పుడు గూడ కావ్య అనే రాయున్రి."

పోశయ్య లోపలినుంచి ఊరుకో బిడ్డా అన్నాడు. ఆ పిల్ల ఊరుకోలేదు. ఎవరికీ సంబంధం లేకపోతే అదెట్ల పోయింది ఆంటీ అని కూడా అడిగింది. బస్సులో వస్తూ ఆలోచిస్తే, నువ్వు రాసిన రెండు వాక్యాల్లో జరిగింది ఒక్కటీ లేదని నాకు కనపడింది. ఇంటికి వచ్చి మళ్ళీ మొదటినుంచీ రాశాను. కింద ఉంది. మీ ఆఫీసు సంగతి నాకు తెలుసు. మూడేళ్ళుగా అడుగుతున్నావనీ తెలుసు. ఆ షాపు కుర్చీ కూడా ఆ పిల్లకు ఆఫీసే. చదివి, అబద్ధం ఉంటే కొట్టెయ్యి. నచ్చనిది మాత్రం కొట్టెయ్యకు.

"నాచారం, 29 జూన్ 2025. మా కాలనీ వెబ్‌సైట్ నుంచి 4 జూన్ ఉదయం 417 ఫిర్యాదులు పోయాయి. వాటిని పోశయ్య గారి కూతురు కావ్య తీసెయ్యలేదు. తీసేసే పేజీ అడ్రసును అందరికీ కనపడేచోట రాసింది నేను. తెరవగానే చెరిగిపోయేలా ఆ పేజీని కట్టింది నా తమ్ముడు సుధీంద్ర. తెరిచింది సెర్చ్ ఇంజిన్ పంపే ప్రోగ్రాము. దాని తప్పు ఎంతన్నది తెలిసినవాళ్ళు ఇంకా వాదించుకుంటున్నారు. ఆ వాదనలో కావ్య లేదు. కావ్య తీసెయ్యలేదని తెలిసి కూడా, పదిమందీ ఆమె పేరు చెబుతుంటే మాట్లాడకుండా కూర్చున్నది నేను. వినకుండానే ఆమెను అనుమానించింది నా తమ్ముడు.

సంతకం: ఛాయాదేవి

సంతకం: ...................."